మానిన కాలు, తీర్చవలసిన మొక్కు



ప్రతి ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీలలో విజయవాడ గుణదల కొండ వద్ద జరిగే మరియమాత తిరునాళ్ళకు మీలో చాలామంది వెళ్తూనే ఉంటారు. 1924లో ఫాదర్ ఆర్లాటి గారు అక్కడ దేవమాత స్వరూపాన్ని ప్రతిష్ఠించారు. నగరంలో ఉన్న కొండే కదా, ఎంతసేపు పడుతుందిలే అనుకుంటాం. కాని మాత గుహను దాటి, పైన ఉన్న సిలువ దాకా మెట్లెక్కిన వారికి ఆ ఎక్కుడు ఎలాంటిదో తెలుసు.

ఇప్పుడొక ప్రశ్న. బండి మీద నుండి పడి కాలు విరిగిన మనిషి ఒకరు ఆసుపత్రి మంచం మీద, "అమ్మా, ఈ కాలు అతికితే చెప్పులు లేకుండా నీ కొండ పైదాకా ఎక్కుతాను" అని మొక్కుకున్నారనుకోండి. కట్టు విప్పారు. ఎముక అతికింది. తిరునాళ్ళు నెల రోజులలోకి వచ్చాయి. కాలు మాత్రం ఇంకా వణుకుతోంది. ఎక్కకపోతే దేవునికిచ్చిన మాట తప్పినట్లా? ఎక్కితే దేవుణ్ణి శోధించినట్లా?

ముందుగా శరీరం సంగతి చూద్దాం. ఎముక అతకడానికి వారాలు పడితే, కట్టులో కదలక చిక్కిపోయిన కండ తిరిగి బలం పుంజుకోవడానికి నెలలు పట్టవచ్చు. పైగా మోకాలికి ఎక్కేటప్పటి కంటె దిగేటప్పుడే భారం ఎక్కువ. ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది గనుక పైకి చేరగానే కష్టం తీరిందనుకుంటాం. అలసిన కాలు తడబడేది ఆ తరువాతే. అందుచేత మొక్కుకునేవారు దిగుడును కూడా లెక్కలో వేసుకోవాలి.

ఇక మొక్కు సంగతి. 1983 నాటి శ్రీసభ చట్టం ప్రకారం మొక్కుబడి అంటే, సాధ్యమైన, మరింత మేలైన ఒక మంచిని బాగా ఆలోచించి, స్వేచ్ఛగా దేవునికి వాగ్దానం చేయడం. ఇక్కడ 'సాధ్యమైన' అన్న మాటను గమనించండి. ఈ రోజు నా కాలికి సాధ్యం కానిదాన్ని దేవుడు నా నుండి బాకీగా అడగడు. అదే చట్టం ప్రకారం, మొక్కుకున్న వ్యక్తి తన వ్యక్తిగత మొక్కును దానికి సమానమైన లేక అంతకంటె మేలైన సత్కార్యంగా మార్చుకోవచ్చు. న్యాయమైన కారణం ఉంటే మినహాయింపు ఇచ్చే అధికారం పీఠాధిపతులతోపాటు మీ విచారణ గురువుకు కూడా ఉంది. ఈ విషయం తెలియక ఎందరో భయంతో బాధపడుతున్నారు. పునీత తోమాసు అక్వినాసు వారు మొక్కుల గురించి రాస్తూ, ఉపవాసాలు, జాగరణలు వంటి శరీర కష్టాలు కూడా వివేకంతో, ప్రకృతికి మోయలేని భారం కాకుండా చేసినప్పుడే దేవునికి ప్రీతికరమని బోధించారు.

పునీత ఇగ్నేషియస్ లొయోలా వారిని తలచుకోండి. 1521లో పంప్లోనా కోటలో ఫిరంగి గుండు తగిలి ఆయన కాలు విరిగింది. మరుసటి ఏడాది యాత్రికుడిగా మోంత్‌సెర్రాత్ కొండ మీది దేవమాత వద్దకు వెళ్ళారు. ఎలా వెళ్ళారు? కంచర గాడిదనెక్కి. దెబ్బతిన్న కాలు రాత్రయ్యేసరికి వాచేది గనుక, గడ్డితో అల్లిన చెప్పును ఆ పాదానికి మాత్రం తొడుక్కున్నారు. మాత సన్నిధిలో మాత్రం ఒక రాత్రంతా జాగరణ చేశారు. స్వారీ చేసి వచ్చారని ఆ యాత్ర విలువ తగ్గిందని ఎవరనగలరు?

అయితే ఇదంతా విని, "ఇక నేను ఇంట్లోనే కూర్చోవచ్చు" అనుకునేవారు కూడా ఉన్నారు. వైద్యుడు నడవమంటాడు, కాలు కూడా సరేనంటుంది, మనసు మాత్రం గడప దాటనివ్వదు. పడిన మనిషికి మళ్ళీ పడతానేమోనన్న భయం సహజమే. కాని ఆ భయానికి 'జాగ్రత్త' అని పేరు పెట్టి ఏళ్ళ తరబడి పోషించడం మంచిది కాదు. ధైర్యమనేది పిరికితనానికీ తెగింపుకూ నడుమ ఉంటుందని అరిస్టాటిల్ చెప్పాడు. ఆ నడిమి చోటు అందరికీ ఒకటే కాదు. ఆరోగ్యవంతుడికి సిలువ దాకా ఎక్కడం మామూలు సంగతి. కట్టు విప్పుకున్న మనిషికి పది మెట్లెక్కడమే పెద్ద ధైర్యం కావచ్చు.

మీరు ఏ వైపు తప్పుతున్నారో తెలుసుకోవడానికి ఒక ప్రశ్న వేసుకోండి: నన్ను ఎవరూ చూడకపోతే నేను ఏం చేసేవాణ్ణి? చూసేవారు లేకపోతే ఎక్కనంటే, ఆ ఎక్కడంలో భక్తి కంటె ప్రతిష్ఠ ఎక్కువ ఉన్నట్లు. ఎగతాళి చేసేవారు లేకపోతే ఎక్కుతాననుకుంటే, మిమ్మల్ని ఆపుతున్నది కాలు కాదు, సిగ్గు.

చాలామందికి మెట్ల కంటె చేయి అందుకోవడమే కష్టం. కొడుకు భుజం పట్టుకుని నడవాలంటే తండ్రికి నామోషీ. కాని సిలువ మార్గంలో మనం ధ్యానించేదేమిటి? మూడవ స్థలంలో ప్రభువు పడిపోతారు. ఐదవ స్థలంలో సిరేనియ సీమోను సిలువ మోయడానికి తోడవుతాడు. ఆ తరువాత కూడా ఏడవ, తొమ్మిదవ స్థలాలలో ప్రభువు మళ్ళీ పడతారు. సాయం అందుకున్నందుకు ఆ మార్గం ఆయనది కాకుండా పోలేదు.

కాబట్టి ఈ ఏడు వెళ్ళాలనుకునేవారు ముందుగా వైద్యుణ్ణి అడగండి. ఇప్పటి నుండే రోజూ కొంత దూరం, కొన్ని మెట్లు అలవాటు చేసుకోండి. జనసమ్మర్దం లేని రోజును, ఎండ ముదరని వేళను ఎంచుకోండి. బాగున్న కాలి వైపు చేతిలో కర్ర పట్టుకోండి. మెట్లెక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు దెబ్బతిన్న కాలు ముందు వేయండి. గుహ వద్దకు చేరేసరికే కాలు చాలంటే, అక్కడే మోకరిల్లండి, మోకరిల్లలేకపోతే కూర్చోండి. మిగిలిన మెట్లకు బదులు ఏం చేయాలో మీ గురువుతో మాట్లాడండి. మంచాన పడిన మరో రోగిని చూసి రావడం మంచి మొక్కుబడే.

తిరిగి దిగేటప్పుడు ఎవరి చేయినైనా పట్టుకోండి. మీకు నయం కావాలని ఇంటివారు కూడా ప్రార్థించారు. మీరు క్షేమంగా ఇల్లు చేరాలని వారు ఎదురు చూస్తూ ఉంటారు.