ఈయనిది తీసికొనరాదు



శ్రావకుని అయిదు అణువ్రతములలో అచౌర్యము మూడవది. దొంగతనమనగా కన్నము వేయుట, తాళము పగులగొట్టుట మాత్రమే కాదు. ఈయనిదానిని తీసికొనుటయే దొంగతనము. శాస్త్రము దీనిని ‘అదత్తాదానము’ అన్నది. ఇచ్చుట యన్న మాటలో ఈయకుండు స్వేచ్ఛయు నిమిడియున్నది గదా! ఒకని దేహము వానిది. ఆ దేహశ్రమతో పండిన గింజ వానిది. బుద్ధిశ్రమతో కల్పించిన వస్తువు, నిజాయితీతో సంపాదించిన పేరు కూడ అట్లే వానివి. సమ్మతి లేక వాటిని వాడుకొనువాడు వాని స్వేచ్ఛనే అపహరించుచున్నాడు.

తత్త్వార్థసూత్రమున ఈ వ్రతమునకు చెప్పిన అతిచారములు వర్తకుల నుద్దేశించినట్లే యుండును. దొంగసొత్తు కొనుట యొకటి, తూనికలలో మోసము మరియొకటి. అన్నిటికిని చివరిది ‘ప్రతిరూపక వ్యవహారము’, అనగా అసలు సరకు పేర దానిని పోలిన నకిలీని అమ్ముట. ట్రేడుమార్కు చట్టములు పుట్టుటకు ఎన్నో శతాబ్దములకు పూర్వమే మన ఆచార్యులు ఈ పాపమును గుర్తించిరి.

మన నాందేడు పత్తిసీమ. ఒకరి ముద్రగల సంచిలో వేరొక విత్తనము పోసి అమ్మినచో ముద్ర సొంతదారునకు పోవునది లాభము. రైతునకు పోవునది ఏడాది. మోసము తెలియుసరికి అదను దాటిపోవును, అప్పు మాత్రము నిలిచియుండును. 2001 నాటి వంగడముల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టము రైతు తన పంటనుండి విత్తనము దాచుకొనుటకు, ఇచ్చిపుచ్చుకొనుటకు, అమ్ముకొనుటకు సైతము హక్కు నిచ్చినది. రక్షణ పొందిన వంగడమును బ్రాండు ముద్రతో అమ్మరాదని మాత్రమే కట్టడి చేసినది. ఇరువురి స్వేచ్ఛయు నిలిచినది.

“విద్యను సొంతము చేసికొనుట అపరిగ్రహమునకు విరుద్ధము కాదా?” అని మీరడుగవచ్చును. గృహస్థునకు చెప్పినది పరిగ్రహ పరిమాణము. చట్టమును అట్లే హద్దు పెట్టినది: పేటెంటునకు 20 ఏండ్లు, పొలము పంటల వంగడమునకు 15 ఏండ్లు. గడువు తీరిన పిమ్మట అది లోకమునకు చెందును.

శాస్త్రదానమునకు ఆదర్శము పదవ శతాబ్దపు అత్తిమబ్బె. వేంగిసీమ వంశమున పుట్టిన ఆ పుణ్యవతి పొన్నకవి శాంతిపురాణమునకు 1,000 ప్రతులు వ్రాయించి పంచినదని ప్రసిద్ధి. ధనము ఆమెది, పుణ్యము ఆమెది. కవి పేరు మాత్రము పొన్నదే. పంచుటకు పేరు చెరుపనక్కర లేదు.

కనుక అంగడి తెరచునపుడు త్రాసుతోపాటు అరలలోని ముద్రలను గూడ పరీక్షింపుడు. చౌకగా వచ్చిన మారుపేరు సరకును త్రిప్పి పంపుడు. “అమ్మినది గుమాస్తా, నేను కాదు” అనరాదు. చేయుట, చేయించుట, మెచ్చుకొనుట మూడును కర్మబంధమే. “బజారంతయు అమ్ముచున్నది” అనియు అనరాదు. వ్రతము పట్టినది బజారు కాదు, మీరు.

జై జినేంద్ర!