లింగైక్యుడైన గృహస్థుని స్మరించు విధము

రాజులకు శాసనములు కలవు. మఠాధిపతులకు చరిత్రలు కలవు. పొలమున పాటుపడి, బిడ్డలను పెంచి, పెండ్లిండ్లు చేసి, ఒకనాడు లింగైక్యుడైన పల్లెటూరి గృహస్థునకు ఏమి కలదు? గోడపై నొక పటము, ఏటేటా నొక దినము. రెండు తరములు గడచినచో ఆ పటమునందున్నది ఎవరో పిల్లలకు తెలియదు. అట్టివాని జీవితమును స్మరించుట యెట్లు? బసవేశ్వరుని మార్గమున నడచు కుటుంబములు ఈ ప్రశ్నను తప్పించుకొనరాదు. ఏలయన, ఈ మార్గము గృహస్థుల వలననే నిలిచినది.

పండ్రెండవ శతాబ్దమున కల్యాణ నగరమునందు బసవేశ్వరుని చుట్టు చేరిన శరణులలో పెక్కురు చేతిపనివారు. మడివాళ మాచయ్య బట్టలుతికెను. నులియ చందయ్య త్రాళ్లు పేనెను. ఒక్కలిగ ముద్దణ్ణ సేద్యము చేసెను. బసవేశ్వరుడు సైతము బిజ్జలుని కొలువున నుద్యోగము చేసిన సంసారియే. పాల్కురికి సోమనాథుడు రాజును గాక ఇట్టి భక్తులను తన ద్విపద బసవపురాణమున కెక్కించెను. 1369లో భీమకవి దానిని కన్నడమున సంతరించెను. చాకలి బ్రదుకు పురాణము కాదగినప్పుడు, సేద్యగాని బ్రదుకు స్మరణకు తగదని యెవరనగలరు?

ఆ శరణులలో ఆయ్దక్కి మారయ్య యొకడు. కన్నడమున 'అక్కి' యనగా బియ్యము. నేలరాలిన బియ్యమును ఏరి తెచ్చుట అతని కాయకము. భార్య లక్కమ్మ ఆ బియ్యమును వండి జంగమ దాసోహము చేసెడిది. ఒకనాడు మారయ్య నిత్యముకంటె అధికముగా బియ్యము తెచ్చెను. లక్కమ్మ సంతోషింపలేదు. నేటికి కావలసినదానికంటె మించినది మనకేల, ఆశ మనకు తగునా యని మందలించి, మిగులును తిరిగి యిచ్చిరమ్మని పంపెను. మారయ్య మారు పలుకక అట్లే చేసెను. కాయకమును కైలాసముతో సరితూచిన ప్రసిద్ధ వాక్కు ఈ మారయ్య వచనముననే కానవచ్చును. అయితే ఆ కాయకమునకు కొలత చూపినది లక్కమ్మ. కావున గృహస్థుని స్మరించుట యనగా అతని యిల్లాలిని కూడ స్మరించుటయే. ఆమెను విడిచి చెప్పిన గృహస్థు కథ సగము కథ.

చిత్తూరు జిల్లాయందలి ఐరాల ప్రాంతమునకు వచ్చినచో, ఈ బోధ పొలము గట్టుమీదనే కనబడును. బాహుదా నది పారుచున్నను వానను, బావిని నమ్మియే యిచ్చట సేద్యము సాగినది. వానకు వేరుశనగ, బావికింద చెరకు, చెరకు ముదిరిన పిమ్మట గానుగ, బెల్లము. కాణిపాకము ఈ మండలములోనిదే. అచ్చటి స్థలపురాణము ప్రకారము గ్రుడ్డి, మూగ, చెవిటి వారైన ముగ్గురు సోదరులు కొద్దిపాటి పొలమును నమ్ముకొని బ్రదికిరి. బావి యెండగా లోనికి దిగి త్రవ్వుచుండ పనిముట్టు రాతికి తగిలెను, నెత్తురు చిమ్మెను, వినాయకుడు వెలసెను, వారి వైకల్యములు తొలగెను. జనులు కొట్టిన కొబ్బరికాయల నీరు కాణి నేల పారినందున ఆ యూరికి ఆ పేరు కలిగెనందురు. ఇష్టలింగ నిష్ఠ గలవారికిని ఈ కథలో గ్రహింపదగినది కలదు. ఎండిన బావిలో పూడిక తీయువారి చేతులకే దైవము తగిలినది. ఒక్క బావిని ముగ్గురు కలసి త్రవ్విరి.

ఈ నేలపై కపిల తోలిన తరమువారిలో ఉత్తముడైన గృహస్థు ఎట్లుండెడివాడు? తెల్లవారకముందే లింగపూజ ముగించి ఎద్దులను కట్టెడివాడు. అన్నదమ్ముల నీటివంతు వచ్చినపుడు తన మడవ తానే కట్టెడివాడు. కూలివాని చేతిలో కూలి పెట్టినగాని రాత్రి సంగటి ముట్టెడివాడు కాడు. కళ్లము వద్దకు వచ్చినవానిని వట్టిచేతులతో పంపెడివాడు కాడు. ఆతడు దాసోహమను మాటను ఉపన్యసించి యెరుగడు, చేసి యెరుగును.

అట్టివాడు లింగైక్యుడైనప్పుడు ఎడమ అరచేత ఇష్టలింగముంచి, కూర్చుండబెట్టి సమాధి చేయుదురు. మృతి సూతకము లింగవంతునకు లేదని శరణులు చెప్పిరి. అంతవరకు ఆచారము తప్పక జరుగును. పరీక్ష ఆ పిమ్మట వచ్చును.

పెద్దదినమునకు అప్పు తెచ్చి ఊరికి వడ్డించిన కుమారులు, తండ్రి బాకీపడిన కూలిని మరచినచో ఆ అన్నము దాసోహము కాదు. కాయకమున ఆర్జించినదే దాసోహమునకు అర్హము. పాలుపంపకములనాడు తల్లిని నెలకొక యింట వంతు వేసినచో, గోడపై తండ్రి పటమునకు వేసిన దండ యెవరికొరకు? లక్కమ్మకు మహాశరణులలో స్థానమిచ్చిన మతమున తల్లి వంతుల వస్తువు కారాదు. తండ్రి కాపాడిన బావి ప్రక్కనే ఒక కొడుకు లోతైన బోరు వేసినచో భూగర్భజలము దిగిపోయి, రెండవ కొడుకు బావి యెండును. 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టము బోరు వేయుటకు ముందు అనుమతి పొందవలెనని శాసించినది. చట్టము కంటె ముందుగనే లక్కమ్మ ప్రశ్న యున్నది: మించినది మనకేల?

కావున దినము వచ్చినపుడు ఇంటివారందరు పటము ముందు కూర్చుండి మూడు మాటలు విచారింపవలెను. ఆయన బాకీ యెవరికైన మిగిలి యున్నదా? ఆయన యిల్లాలు ఏ యింట నున్నను గౌరవముతో నున్నదా? ఆయన విడిచిన నీటివంతు చెడకున్నదా? ఈ మూడింటికిని తృప్తిగా సమాధానము చెప్పగల యింట ఆ గృహస్థు మరపునకు రాడు. మనుమలకు అతని పేరు తెలియకున్నను, అతని నడత వారి చేతులలో నుండును. చెప్పలేని యింటివారు చింతింపవలసిన పని లేదు. ఆనాడే కూలివానిని పిలిచి బాకీ తీర్పవచ్చును, ఆనాడే తల్లిని పీటపై కూర్చుండబెట్టి ముందుగా ఆమెకు ప్రసాదము వడ్డింపవచ్చును. స్మరణ యనగా ఇదియే.