పేరుపై మమకారము, పనికి వచ్చు పరికరము

ఒక వ్యాపారసంస్థ పేరుపై మనుష్యుడు విధేయత చూపవచ్చునా అను ప్రశ్న పెద్ద తత్త్వగ్రంథములలో కానరాదు. తిరువళ్లూరు, తిరుత్తణి ప్రాంతములలో పెండ్లిండ్లకును ఉత్సవములకును ఛాయాచిత్రములు తీయువారి నడుమ మాత్రము ఇది తెగని వివాదము. ఒకరు తాము నైకాన్ వారమందురు, మరొకరు కేనన్ వారమందురు. ఇంటిపేర్లు చెప్పుకొనినట్లే చెప్పుకొందురు. వినువారికి నవ్వు వచ్చును గాని, ఆ మాటలో మేము కొంత సత్యమునే చూచుచున్నాము.

తిరుత్తణిలో 1888వ సంవత్సరమున జన్మించిన సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు తత్త్వశాస్త్రమును చేపట్టిన విధము ఇచ్చట స్మరింపదగినది. మదరాసు క్రైస్తవ కళాశాలలో అంతకుముందే చదువు ముగించిన బంధు వొకరు తమ తత్త్వశాస్త్ర పాఠ్యగ్రంథములను ఆయన కిచ్చిరట. పుస్తకములు కొనుటకు చాలినంత ధనము లేని విద్యార్థికి అవియే దారి చూపినవి. పుస్తకము ముందు దొరకినది. మమకారము వెనుక వచ్చినది. అట్లని ఆ మమకారము కృత్రిమమని ఎవ్వ రనగలరు?

మన ఛాయాగ్రాహకులలో పెక్కుమంది కథయు ఇట్టిదే. మేనమామ తన పాత కెమెరాను, రెండు లెన్సులను చేతిలో పెట్టును. మేనల్లుడు వానితో పని నేర్చును. మూడవ లెన్సు కొనునప్పుడు, ఉన్న రెంటితో కలియునదే కొనును. పదేండ్లు గడచునప్పటికి కెమెరాకన్న లెన్సుల వెల అధికమగును. దీనిని పేరుపిచ్చి అనుట న్యాయము కాదు. చాలవరకు ఇది లెక్క. పైగా చేతి అలవాటొకటి కలదు. నైకాన్ లెన్సును బిగించుటకు ఒక దిక్కునకు త్రిప్పవలెను, కేనన్ లెన్సును దానికి ఎదురు దిక్కునకు త్రిప్పవలెను. జూము వలయములును అట్లే. మంగళసూత్రధారణ ఒక్క నిమిషపు పని. ఆ నిమిషమున చేయి వెదుకుకొనరాదు. కాగితముపై గుణములు మాత్రము పోల్చి, నెల కొక సామగ్రికి మారు 'ప్రయోజనవాది' ఈ చేతిని లెక్కలోనికి తీసికొనడు.

అయినను సంస్థ మనయెడ విధేయత చూపునా? 1987వ సంవత్సరమున కేనన్ సంస్థ తన పాత ఎఫ్.డి. మౌంటును, అనగా లెన్సును కెమెరాకు తగిలించు కట్టును విడిచి, ఇ.ఎఫ్. అను క్రొత్తదానిని తెచ్చెను. పాత లెన్సులు క్రొత్త కెమెరాలకు తగులకపోయెను. తిరుత్తణి పెద్దల కిట్టి అనుభవము క్రొత్తది కాదు: 1960 ఏప్రిల్ 1వ తేదీన తాలూకాలో అధికభాగము ఆంధ్రప్రదేశమునుండి మదరాసు రాష్ట్రమునకు మారినప్పుడు ఇండ్లు కదలలేదు, సరిహద్దు కదలినది. లెన్సును పెట్టెలోనే యుండెను. సరిహద్దే దానిని దాటిపోయెను.

నైకాన్ సంస్థ 1959నాటి ఎఫ్ మౌంటునే నిలుపుకొనినదని దాని అభిమానులు గర్వింతురు. నిజమే, కాని పూర్తిగా కాదు. 1977కు పూర్వపు లెన్సులను సవరింపక తగిలించినచో తరువాతి కెమెరాలలో అనేకములు దెబ్బతినవచ్చును. 2018లో వచ్చిన జెడ్ మౌంటు కెమెరాలకు ఆ సంస్థవారి అడాప్టరుతో పాత లెన్సులను తగిలింపవచ్చును గాని, లోపల మోటారు లేని లెన్సులు తామై ఫోకసు కావు. ఇక 1987లో కట్టు తెంచిన కేనన్, 2018లో ఆర్.ఎఫ్. మౌంటునకు మారినప్పుడు ఇ.ఎఫ్. లెన్సులను అడాప్టరుతో చక్కగా పనిచేయనిచ్చెను. నాటి మార్పులో లెన్సునకును కెమెరాకును నడుమ సంభాషణ యంతయు విద్యుత్తు మూలముననే జరుగునట్లు చేయుట దీనికి హేతువు. నాడు ద్రోహమనిపించినది నేటి సౌకర్యమునకు పునాది యాయెను. మినోల్టా అభిమానుల కథ వేరు. 2006లో కోనికా మినోల్టా కెమెరా వ్యాపారమునే విడిచి సోనీకి అప్పగించెను. ప్రాణము లేని పేరునుండి ప్రత్యుపకారము కోరుటలోనే పొరపాటున్నది.

మా దృష్టిలో అసలు ప్రశ్న మరొకటి: మన విధేయతకు వెల చెల్లించునది ఎవరు? వినోదమునకు చిత్రములు తీయువాడు పాత కెమెరానే పట్టుకొని యుండిన నష్టము వానిదే. అది వాని ముచ్చట. కూలి పుచ్చుకొని తీయువాని సంగతి వేరు. తిరుత్తణి కొండకు 365 మెట్లు, ఏడాదిలో దినమున కొకటి వంతున. డిసెంబరు 31న మెట్ల ఉత్సవమునాడు మెట్టుమెట్టునకు పూజ జరుగును. కర్పూరపు వెలుగులో ఒక ముసలితల్లి మెట్టునకు పసుపు పూయుచున్నప్పుడు ఆమె ముఖము చిత్రములో నల్లబడి పోయినచో, ఆ కెమెరా మేనమామ ఇచ్చినదని చెప్పి ఆ యింటివారిని ఓదార్పగలమా? షష్టిపూర్తి మరల జరుగదు. ఒక్క కార్డుపైననే నమోదు చేయు కెమెరాలో ఆ కార్డు చెడినచో తలంబ్రాలు మరల పోయింపలేము. అట్టిచోట రెండు కార్డులలో ఒకేమారు నమోదు చేయు కెమెరా, ఏ పేరుదైనను, తీసికొనక తప్పదు. దుకాణపు యజమాని పేరుపై మమకారముతో బరువైన సామగ్రినే కొనిన, దానిని మెట్లపైకి మోయునది నెలజీతపు కుఱ్ఱవాడు. ఈ సంగతిని వివాదములలో ఎవ్వరును ఎత్తుట లేదు. కొనునప్పుడు వానిని ఒక్క మాట అడుగుట యజమానికి తలవంపు కాదు.

ఇట్లని మేనమామ లెన్సును పాతసామానులవానికి వేయవలెనని మే మనము. అద్దము తీసివేసిన నేటి కెమెరాలలో లెన్సునకును చిత్రఫలకమునకును నడుమ దూరము మిక్కిలి తగ్గినది. ఎఫ్.డి. మౌంటునకు 42 మిల్లీమీటర్లు కావలసియుండగా, కేనన్ ఆర్.ఎఫ్.లో 20, సోనీ ఇ మౌంటులో 18, నైకాన్ జెడ్‌లో 16 మిల్లీమీటర్లే. మిగిలిన దూరమును గాజు లేని ఒక లోహపు వలయముతో పూరించినచో, 1987లో దిక్కు లేనిదైన ఆ లెన్సు ఈ మూడింటిలో దేనిపైనైనను పనిచేయును. ఫోకసు మాత్రము చేతితోనే త్రిప్పుకొనవలెను.