నాలుగు గదుల పటము

రాజకీయ సిద్ధాంతములను పటముపై చుక్కలుగా గుర్తింపవచ్చునను నమ్మకము నేడు విద్యావంతులలో ప్రబలియున్నది. దీని మూలము 1789 నాటి ఫ్రెంచి జాతీయసభలో నున్నది. రాజునకు శాసనముల నిలుపు అధికార ముండవలెనన్నవారు అధ్యక్షుని కుడివైపునను, కూడదన్నవారు ఎడమవైపునను కూర్చుండిరి. కూర్చున్న తావులే క్రమముగా సిద్ధాంతముల పేర్లయినవి. ఒక్క గీత చాలదని తోచి, 1971లో అమెరికావాడగు డేవిడ్ నోలన్ ఆర్థిక స్వేచ్ఛ నొక గీతపైనను, వ్యక్తిగత స్వేచ్ఛను వేరొక గీతపైనను కొలిచి చూపెను. తరువాతి పటములలో కుడియెడమలకు ఒక గీత, నిరంకుశత్వ స్వేచ్ఛలకు ఒక గీత ఏర్పడినవి.

ఒక గీతకంటె రెండు మేలే. పన్నుల విషయమున ఏకీభవించినవారు వాక్స్వాతంత్ర్య విషయమున విభేదింపవచ్చునని అవి మనకు నేర్పినవి. కాని ఎవరి స్వేచ్ఛ, ఎవరినుండి స్వేచ్ఛ అను ప్రశ్నకు ఆ పటములో తావు లేదు. దీనిని ఒక ప్రాంతపు చరిత్రతో పరీక్షింతము.

గుజరాతులో తాపీనది యొడ్డున కామ్‌రేజ్ కలదు. నేడది సూరత్ జిల్లాలోనిది. 1949లో విలీనమగువరకు బరోడా సంస్థానములోనిది. పొరుగుననున్న బారడోలి నాడు ఆంగ్లేయుల పాలనలో నుండెను.

బరోడా ప్రభువగు సయాజీరావు గాయక్వాడ్ ప్రజలెన్నుకొన్నవాడు కాడు. ఆయన 1906లో సంస్థానమంతట ప్రాథమిక విద్యను నిర్బంధము చేసెను. పిల్లలను బడికి పంపని తల్లిదండ్రులకు జుల్మానా విధింపబడెను. పటము దీనిని నిరంకుశత్వపు గదిలో వ్రాయును. కాని అక్షరములు నేర్చిన బాలికకు అది బంధనమా, విమోచనమా?

బారడోలిలో 1928లో బొంబాయి ప్రభుత్వము భూమిశిస్తును నూటికి 22 వంతులు పెంచగా, వల్లభభాయి పటేలు నాయకత్వమున రైతులు శిస్తు నిరాకరించి గెలిచిరి. 1930లో మరల శిస్తు నిరాకరించిన రైతులు ఇండ్లు విడిచి, సరిహద్దు దాటి, బరోడా గ్రామములలో తలదాచుకొనిరి. ప్రజాప్రతినిధుల ప్రభుత్వము లేని సంస్థానమే స్వేచ్ఛార్థులకు ఆశ్రయమైనది!

అయినను కథ ఇంతటితో ముగియలేదు. ఆ రైతులలో పలువురి పొలములలో దుబ్లా జాతివారు హాలీలుగా పనిచేయుచుండిరి. వివాహమునకు తీసికొన్న అప్పు తీరక, మన పల్లెలలోని అప్పు జీతగాండ్రవలె, వారు యజమానికి కట్టుబడి బ్రతుకవలసివచ్చెడిది. ప్రభుత్వపు పెత్తనమును మాత్రమే కొలుచు పటమునకు ఇది ఇద్దరి నడుమ కుదిరిన ఒప్పందముగానే కనబడును. అప్పు పేర మనిషిని కట్టివేయుటను దేశమంతట నిషేధించిన 1976 నాటి చట్టమో, ఒప్పందములలో ప్రభుత్వపు జోక్యముగా లెక్కకెక్కును. బడి బలాత్కారమనియు, బానిసత్వము స్వేచ్ఛయనియు తేల్చు కొలబద్దను మనము విశ్వసింపగలమా?

రైతు స్వేచ్ఛ అసత్యమని నా భావము కాదు. శిస్తును ధిక్కరించిన ధైర్యము గొప్పదే. కాని ఒకే మనిషి ప్రభుత్వము నెదుట పీడితుడై, తన గడపలో పీడకుడు కావచ్చును. అతనిని ఒక్క చుక్కగా గుర్తించుట అతనిని సగము మాత్రమే చూచుట. హాలీకైతే పటముపై చుక్కయే లేదు; అతని సిద్ధాంత మేమని అడిగినవా రెవరు?

కావున ఒక పక్షము ఏ గదిలోనిదని తర్కించుటకు ముందు, ఆ పక్షము గెలిచిననాడు ఎవరి మెడపై కాడి దిగును, ఎవరి మెడపై నిలుచునని విచారింపవలెను. ఆ విచారణ ఊరూర, ఇంటింట చేయవలసినది. రెండు గీతలతో ముగియునది కాదు.