రెండో గదిలో టీవీ

మా ఇంట్లోకి రెండో టీవీ వచ్చిన రోజు అందరం సంతోషించాం. ఎవరినీ బాధపెట్టకుండా ఒక గొడవ తీరిపోయిందనుకున్నాం.

2017లో అమ్మా నాన్నా తెనాలి ఇల్లు అద్దెకిచ్చి హైదరాబాద్‌లో మా దగ్గరికి వచ్చేశారు. హాల్లో ఉన్నది ఒకటే టీవీ. సాయంత్రం ఏడు దాటితే నాన్నకి వార్తలు, ఆ తర్వాత చర్చలు. అప్పటికే ఆయనకి కుడి చెవి సరిగా వినబడదు, అందుకని సౌండు బాగా పెంచేవారు. సరిగ్గా అదే టైముకి నాకు ఆఫీసు కాల్స్, పాపకి హోంవర్కు. "కాస్త తగ్గించు నాన్నా" అని నేను, "తగ్గిస్తే తెలియట్లేదురా" అని ఆయన. నెల తిరక్కుండా లోపలి చిన్న గదిలో గోడకి 32 అంగుళాల టీవీ బిగించేశాం. రికార్డింగ్ చేసుకునే సెట్‌టాప్ బాక్స్ కూడా పెట్టించాను. ఖర్చు కాస్త ఎక్కువే అయింది. నాన్న కోసమే కదా అనుకున్నాను.

మర్నాటి నుంచి ఇల్లు ప్రశాంతం. ఆ ప్రశాంతత మంచిదేనా అన్నది చాలా ఏళ్ల తర్వాత గానీ నాకు అనుమానం రాలేదు.

అలాగని ఒకే టీవీ ఉన్న రోజులు స్వర్గమని చెప్పబోవడం లేదు. 1987 జనవరిలో దూరదర్శన్‌లో రామాయణం మొదలైనప్పుడు నాకు ఎనిమిదేళ్లు. తెనాలిలో మా వీధి మొత్తానికి టీవీ ఉన్న ఇళ్లు రెండో మూడో. ఆదివారం పొద్దున మా ముందు గది నిండిపోయేది. పిల్లలం నేలమీద, పెద్దవాళ్లు కుర్చీల్లో, ఆలస్యంగా వచ్చినవాళ్లు కిటికీ బయట. వచ్చినవాళ్లలో ఎవరికీ హిందీ రాదు. నాన్న మాత్రం హిందీ ప్రచార సభ పరీక్షలు రాసి ప్రవీణ పాసయ్యారు. కాబట్టి రాముడు నోరు తెరిస్తే చాలు, "ఏమన్నాడండీ?" అని ఎవరో ఒకరు అడిగేవాళ్లు. నాన్న చెప్పేవారు. ఆయన చెప్పేలోపు తర్వాతి డైలాగు వెళ్లిపోయేది. దానికి మళ్లీ "ఏమన్నాడండీ?"

తల్చుకుంటే భలే ఉంటుంది. కానీ ఆ గదిలో అమ్మ లేదు. అంతమందికీ కాఫీలు కలుపుతూ వంటింట్లో ఉండేది. రామాయణం మొత్తం ఆవిడ గోడ అవతలి నుంచి విన్నదే. "సీతమ్మ అగ్నిప్రవేశం చూశావా?" అని ఒకసారి అడిగితే, "ఏడుపులు వినబడ్డాయి" అంది. ఆ రోజుల్లో మా ఇంట్లో రికార్డు చేసే వసతి ఉండి ఉంటే అమ్మ మధ్యాహ్నం భోజనాలయ్యాక తీరిగ్గా చూసుకునేది. అందరూ కలిసి చూడటం అనే ముచ్చట వెనక, చూడనివ్వకుండా ఉండిపోయినవాళ్లు ఒకరో ఇద్దరో ఉంటారు. కాబట్టి రికార్డింగ్‌ని తప్పుపట్టే ముందు నేను అమ్మని గుర్తు చేసుకోవాలి.

ఇంట్లో టీవీ కార్యక్రమాలు రికార్డు చేసుకోవడం తప్పా ఒప్పా అన్నది అమెరికాలో కోర్టు దాకా వెళ్లింది. సోనీ కంపెనీ బీటామాక్స్ రికార్డర్ల మీద యూనివర్సల్, డిస్నీ స్టూడియోలు 1976లో కేసు వేశాయి. 1984లో సుప్రీంకోర్టు 5-4 తేడాతో సోనీ వైపు తీర్పిచ్చింది. తర్వాత చూసుకోవడానికి ఇంట్లో రికార్డు చేసుకుంటే చట్టానికి అభ్యంతరం లేదంది. ఆ కేసులో సాక్ష్యం చెప్పినవాళ్లలో పిల్లల కార్యక్రమాలు చేసే ఫ్రెడ్ రోజర్స్ ఒకరు. ఆయన వాదన నాకు ఇష్టం. తన కార్యక్రమం వచ్చే వేళకి కొందరు పిల్లలు చూడలేకపోవచ్చు, రికార్డు చేసుకుని వీలైన వేళ చూడగలిగితే కుటుంబాలకి అదొక మేలేనని ఆయన అభిప్రాయం. అంటే ఆయన దృష్టిలో రికార్డర్, చూడలేకపోయిన మనిషిని కార్యక్రమం దగ్గరికి తెచ్చే సాధనం.

మా నాన్న కూడా దాన్ని అలాగే వాడారు. ఇక్కడే నా కథ మొదలవుతుంది.

రిమోట్ అలవాటు కావడానికి ఆయనకి వారం పట్టింది. ఆ తర్వాత బాక్సు మీద ఎర్ర లైటు వెలగని రోజు లేదు. బాలు వచ్చే పాటల కార్యక్రమాలు, పాత విజయా వారి సినిమాలు. నేను చిన్నప్పుడు కాస్త పాడేవాణ్ణి, అది ఆయన మర్చిపోలేదు. భోజనాల దగ్గర చెప్పేవారు: "నిన్న ఒక కుర్రాడు ఎంత బాగా పాడాడురా. నీకోసం పెట్టాను, ఆదివారం చూద్దాం." నేను "సరే నాన్నా" అనేవాణ్ణి. ఆదివారం వచ్చేది, వెళ్లేది. ఆయన మళ్లీ గుర్తు చేస్తే నా దగ్గర సిద్ధంగా ఒక జవాబు ఉండేది. "రికార్డు అయిందిగా, ఎక్కడికి పోతుంది?"

ఆ మాటని ఇప్పుడు పట్టి చూస్తే దాని పని అర్థమవుతోంది. నాన్న పక్కన కూర్చోను అని ఆయన మొహం మీద చెప్పే ధైర్యం నాకు లేదు. బాక్సు ఉంది కాబట్టి ఆ అవసరమే రాలేదు. కాదనకుండానే కాదనగలిగాను. రెండో గది కూడా అంతే. హాల్లో సౌండు దగ్గర పోట్లాడుకున్నప్పుడు కనీసం ఒకరి ఇబ్బంది ఒకరికి తెలిసేది. తలుపు వేశాక అదీ లేదు. మేం వదిలించుకున్నది గొడవని మాత్రమే అనుకున్నాం. గొడవతో పాటు మాటలు కూడా పోయాయి.

ఆస్ట్రియా తత్వవేత్త రాబర్ట్ ప్ఫాలర్, స్లొవేనియా తత్వవేత్త జిజెక్ ఈ సంగతి గురించి రాశారు. మనం అనుభవించాల్సినదాన్ని మన బదులు వేరొకటి అనుభవిస్తే మనకి ఒక విచిత్రమైన తృప్తి కలుగుతుందట. వాళ్లు ఇచ్చిన ఉదాహరణల్లో సినిమాలు రికార్డు చేసే వీసీఆర్ ఒకటి. మన బదులు ఆ మిషనే చూసేస్తుంది, మనకి చూసినంత నిశ్చింత. మనకిది మరీ కొత్తేం కాదు. గోత్రనామాలూ డబ్బూ పంపిస్తే గుళ్లో మన పేరుమీద అర్చన జరిగిపోతుంది, ప్రసాదం పోస్టులో వస్తుంది. దేవుడు ఒప్పుకుంటాడేమో. పక్క గదిలో ఉన్న నాన్న విషయంలో ఆ ఏర్పాటు చెల్లుతుందా?

2020 సెప్టెంబరు 25న బాలు పోయారు. ఆ సాయంత్రం నాన్న తన గది తలుపు దగ్గర నిలబడి పిలిచారు. "ఆయనవి చాలా ఉన్నాయిరా మన దగ్గర. కాసేపు చూద్దాం రా." నేను కాల్‌లో ఉన్నాను. చెయ్యి ఊపి, తర్వాత అన్నట్టు సైగ చేశాను. ఆయన తల ఊపి లోపలికెళ్లిపోయారు. కాల్ అబద్ధం కాదు. కానీ అది ఎనిమిదింటికే అయిపోయింది.

మరుసటి వేసవిలో బాక్సు పాడైంది. వచ్చిన కుర్రాడు చూసి, "డిస్కులో ఉన్నవి రావు సార్, కొత్తదాంట్లోకి ఎక్కవు" అన్నాడు. నేను అతనితో వాదించబోతుంటే నాన్నే ఆపారు. "పోనీలేరా. నీకు ఫోన్లో దొరుకుతాయిగా."

నిజంగానే దొరుకుతాయి. ఆ రాత్రి వెతికితే ఆయన చెప్పిన పాటలు చాలావరకు యూట్యూబ్‌లో కనిపించాయి. ఒక్కటీ పెట్టబుద్ధి కాలేదు. అప్పుడు తెలిసింది, నాన్న నాకోసం దాచింది పాటల్ని కాదని. ఆ జాబితాలో ఒక్కో పేరూ ఆయన నన్ను పిలిచిన ఒక్కో పిలుపు. వాటిలో నేను అందుకున్నది ఒక్కటీ లేదు.

ఇప్పుడు ఆయనకి రెండు చెవులకీ మిషన్లు ఉన్నాయి. మాట కొంత తెలుస్తుంది. పాట మాత్రం "రేకు డబ్బాలో గులకరాళ్లు పోసి ఊపినట్టుందిరా" అంటారు. పాటల కార్యక్రమాలు పెట్టడం మానేశారు. రికార్డింగ్ వల్ల కార్యక్రమం మనకోసం ఆగుతుందన్నది నిజమే. చూసే మనిషి ఆగడు. రోజర్స్ చెప్పిన మేలు నిజంగా మేలు కావాలంటే, ఆ తర్వాతి వేళ ఒకటి వచ్చి తీరాలి.

టీవీని మళ్లీ హాల్లోకి మార్చేద్దామా అని అడిగాను. "వద్దురా, నా గది నాకు హాయిగా ఉంది" అన్నారు. అదీ నిజమే. ఆ గది ఆయనకిచ్చిన స్వేచ్ఛని నా తప్పు కడుక్కోవడానికి లాక్కోకూడదు. నేను చేయగలిగింది తలుపు తీసుకుని లోపలికి వెళ్లడం. అది కూడా రోజూ కుదరదు. కుదిరిన రోజున ఎనిమిదింటికి వెళ్లి మంచం చివర కూర్చుంటాను. చర్చ నడుస్తుంటుంది, నలుగురూ ఒకేసారి అరుస్తుంటారు. నిజం చెప్పాలంటే నాకు విసుగే. నాన్న నావైపు వంగి, "ఏమన్నాడ్రా?" అని అడుగుతారు. నేను గట్టిగా చెప్తాను. నేను చెప్పేలోపు అవతలివాడు ఇంకేదో అనేస్తాడు. దానికి మళ్లీ "ఏమన్నాడ్రా?"

కొత్త బాక్సుకి పాజ్ కూడా ఉంది. ఇద్దరం దాని జోలికి పోం.