చివరి డాలరుకి ఏం వస్తుంది?

ఖర్చు పెరిగేకొద్దీ ఫలితం తగ్గుతూ పోతుందన్నది అందరూ ఒప్పుకున్న మాటే. ఆడియో పరికరాల దగ్గరైతే దాన్ని మరీ ధీమాగా చెబుతారు. మొదటి వెయ్యి డాలర్లకి పాటకి ప్రాణం వస్తుందట, పదో వెయ్యికి ఏం మారిందో చెవికే తెలియదట. లెక్క తప్పు కాదు. ఆంప్లిఫయర్ వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెళ్ళే. చెవికి రెండింతలు గట్టిగా తోచాలంటే సుమారు పదింతల వాట్లు కావాలి. నా బాధ ఇంకొకటి. పెట్టేదాన్ని డాలర్లలో కొలుస్తున్నాం, సరే. తగ్గిపోతోందంటున్న ఆ రెండోదాన్ని దేనితో కొలుస్తున్నాం?

సింగపూర్ కోల్‌మన్ వీధిలో, పాత అడెల్ఫీ హోటల్ ఉన్నచోట, అదే పేరుతో ఒక భవనం ఉంది. హై-ఫై దుకాణాలకి పేరున్న చోటు. అక్కడ ఒక షాపులో, తివాచీ పరిచిన గదిలో కూర్చుని బాలమురళీకృష్ణ కచేరీ పెట్టమన్నాను. ముందు చిన్న స్పీకర్ల మీద విన్నాను, తర్వాత వాటికి ఎన్నో రెట్లు ధర పలికే జత మీద. రెండోసారి గొంతు పెద్దగా మారలేదు. తంబుర మారింది. మంద్ర షడ్జం తీగ మీటినప్పుడు దానంతట అదే పుట్టే అంతర గాంధారం ఉంటుంది కదా, స్వయంభూ స్వరం, అది విడిగా వినబడింది. ఎవరూ మీటని స్వరం. గాయకుడు శ్రుతి చూసుకునేది దాని నీడలోనే. ఆ గాంధారానికి ధర కట్టి, ఇది తక్కువ ఫలితం అనడానికి నాకు నోరు రావడం లేదు.

ఇలా అంటే పెద్దవాళ్ళు వెంటనే విజయవాడ రేడియో కేంద్రాన్ని గుర్తు చేస్తారు. పొద్దున్నే భక్తిరంజని, అదే బాలమురళి, చెక్కపెట్టె రేడియో, ఆ ఆనందం వేలు పోసినా వస్తుందా అని. ఈ వాదన నాకు నచ్చదు. మీడియం వేవ్‌లో హెచ్చు స్వరాలు చాలావరకు తెగిపోతాయి. తంబుర ఉందంటే ఉంది, జోరీగ మోతలా. ఆ ఆనందం అమ్మ గొంతుది, తెల్లవారుజాము చల్లదనానిది. దాన్ని రేడియో ఖాతాలో రాసి, ఆపైన మంచి స్పీకర్లని ఓడించడం న్యాయం కాదు. ఇవాళ మొదటిసారి వినే పిల్లకి ఆ జ్ఞాపకం లేదు. ఆమెకి దక్కేది శబ్దమే.

కానీ సింగపూర్ ఇళ్ళు వేరే సంగతి చెబుతాయి. మాది హెచ్‌డీబీ ఫ్లాటు, అంటే ప్రభుత్వం కట్టించిన బహుళ అంతస్తుల ఇల్లు. పైనా కిందా పక్కనా కాంక్రీటు, దాని అవతల మనుషులు. రాత్రి పొద్దుపోయాక చప్పుడు తగ్గించుకోవాలి. ధ్వని తగ్గించేకొద్దీ చెవికి ముందుగా మంద్రం జారిపోతుంది. ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రవేత్తలు 1933లోనే దీన్ని కొలిచి చూపించారు. ఆపైన ఏడాది పొడుగునా తిరిగే ఫ్యాను మోత. ఒక రాత్రి ఫ్యాను ఆపేసి, చెమటలు కారుతుండగా, ఉన్న చవక స్పీకర్ల మీదే అదే కచేరీ విన్నాను. గాంధారం వచ్చింది. సన్నగానే, అయినా వచ్చింది. పైసా ఖర్చు లేకుండా.

అక్కడితో సందేహం తీరిపోవలసింది. తీరలేదు. స్నేహితుడి దగ్గర్నుంచి మంచి స్పీకర్లు తెచ్చి, ఫ్యాను ఆపే విన్నాను. తేడా తగ్గుతుందనుకున్నాను, పెరిగింది. ఫ్యాను తిరుగుతుంటే రెండు జతలూ ఒకటే; ఆగాక రెంటికీ పోలికే లేదు. అంటే ఫలితం తగ్గిపోతోందని మనం చెప్పుకుంటున్నదాంట్లో కొంత తగ్గడం కాదు, కప్పబడటం. ఇది అమ్మేవాడికి పనికొచ్చే వాదనేనని తెలుసు. అమ్మేవాడికి పనికొచ్చినంత మాత్రాన అబద్ధం అయిపోదు. అయితే ఎంత డబ్బు అన్న ప్రశ్న కంటే ముందు, రోజూ ఎంతసేపు ఉక్కపోతకి ఓర్చుకుని కూర్చోగలను అన్నది తేలాలి. అరగంట కూర్చోలేనివాడికి ఆ ఖరీదైన జత నిజంగానే దండగ. కూర్చోగలిగినవాడికి ఫలితం తగ్గుతుందన్న ఆ నియమం ఎక్కడ మొదలవుతుందో నేను చెప్పలేను.

అడెల్ఫీ గదిలో ఆ రోజు ఏసీ నడుస్తూనే ఉంది. ఈ శనివారం వెళ్ళి, అది కాసేపు ఆపమని అడుగుతాను.