కంచం ఎవరు తియ్యాలి?

మగపిల్లలను ఎట్లా పెంచాలి అన్న ప్రశ్న ఈమధ్య చాలామందిని వేధిస్తున్నది. ఆడవాళ్ళ మీద ఏదైనా ఘోరం జరిగి పత్రికలకు ఎక్కినప్పుడల్లా, ఆడపిల్లలకు జాగ్రత్తలు చెప్పింది చాలు, ఇక మగపిల్లలకు బుద్ధి చెప్పండి అని పెద్దలు రాస్తారు. నేనూ రాశాను, సభల్లో మాట్లాడాను. ఆ మాట తప్పని ఇప్పటికీ అనుకోవటం లేదు. కాని దాన్లో ఒక తిరకాసు ఉన్నదని నాకు మా ఇంట్లోనే, ఒక ఎంగిలి కంచం దగ్గర, తెలిసివచ్చింది. సొంత ఇంటి సంగతులు వ్యాసంలోకి ఈడ్చినందుకు పాఠకులు క్షమించాలి. నీతిని గురించి మాట్లాడేటప్పుడు ఎవరి ఇంటి సంగతో చెప్పటం కంటే ఇదే మర్యాద అనిపించింది.

మాకు ఇద్దరు కొడుకులు. పెద్దవాడికి 8 ఏళ్ళు, చిన్నవాడికి 5. నేను డిగ్రీ కాలేజీలో తెలుగు చెబుతాను. నా భార్య ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతుంది. జీతాలు ఇంచుమించు సమానం, ఆమెదే ఒక పిసరు ఎక్కువ. మా నాన్న పోయాక మా అమ్మ మా దగ్గరే ఉంటున్నది. పొద్దునపూట అంట్లు తోమటానికి ఒకామె వస్తుంది. రాత్రి అంట్లు మాత్రం ఇంట్లోవాళ్ళే చూసుకోవాలి. ఇక్కడ “ఇంట్లోవాళ్ళు” అంటే ఎవరో వేరే చెప్పనక్కరలేదు.

ఒక రాత్రి పెద్దవాడు అన్నం తిని, కంచంలోనే చెయ్యి కడుక్కుని, టీవీ ముందు చేరి, “అమ్మా, కంచం తీసెయ్యి” అన్నాడు. ఆమె ఇంకా తినలేదు. ఏమీ అనకుండా వంగి కంచం తియ్యబోయింది. నాకు ఎక్కడలేని కోపమూ వచ్చింది. ఆ రోజు మార్చి 8. స్త్రీల ఇంటిచాకిరీని గురించి ఒక సభలో గంటసేపు మాట్లాడి అప్పుడే ఇల్లు చేరాను. (ఆ గంటలో పిల్లల చేత హోంవర్కు చేయించింది ఎవరో నేను అడగలేదు.) “అమ్మ నీ పనిమనిషా?” అని వాడి వీపు మీద ఒక్కటి వేశాను. వాడు ఏడుస్తూనే, “నువ్వు కూడా రోజూ అట్లాగే వదిలేస్తావుగా నాన్నా!” అన్నాడు.

నా కంచం వాడి కంచం పక్కనే ఉన్నది.

2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షను బడిలో పిల్లవాణ్ణి కొట్టటాన్ని నిషేధించింది. నా భార్య ఆ చట్టానికి లోబడి తరగతినిండా ఉన్న పిల్లలకు లెక్కలు నేర్పి వస్తుంది. ఇంట్లో ఒక్క పిల్లవాడికి సమానత్వం నేర్పటానికి నాకు చెయ్యెత్తవలసి వచ్చింది.

దీన్నుంచి “ముందు తండ్రి మారాలి” అని నీతి తీసి ఊరుకోవచ్చు. అది నిజమే గాని చాలదు. 1845లో మార్క్స్ ఫాయర్‌బాక్ భావాలమీద తనకోసం 11 సూత్రాలు రాసుకున్నాడు. ఆయన బతికుండగా అవి అచ్చుకాలేదు. ఎంగెల్స్ 1888లో వాటిని ప్రచురించాడు. పదకొండవ సూత్రం మన కుర్రవాళ్ళందరికీ కంఠతా వచ్చు. మూడవదాన్ని ఎవరూ అంతగా పట్టించుకోరు. మనుషులు పరిస్థితులవల్లా పెంపకంవల్లా తయారవుతారనే భౌతికవాదులు, ఆ పరిస్థితులను మార్చేది మనుషులేననీ, చదువు చెప్పేవాడికి కూడా ఎవరో చదువు చెప్పాలనీ మరిచిపోతారని దాని సారాంశం. అట్లా మరిచిపోయిన సిద్ధాంతం సమాజాన్ని రెండు ముక్కలు చేసి, ఒక ముక్కను రెండోదాని నెత్తిన కూర్చోబెడుతుందని కూడా అన్నాడు. మా ఇంట్లో పైన కూర్చున్న ముక్కను నేను. స్త్రీ విముక్తి బోధిస్తున్నదీ నేనే, కంచం వదిలేస్తున్నదీ నేనే. ఈ రెండూ చెయ్యగల అధికారం నాకు ఒకచోటినుంచే వచ్చింది: నేను ఆ ఇంటికి తండ్రిని.

ఇట్లాంటి ఉపన్యాసకుణ్ణి నేను తరగతిలో ఏటా పరిచయం చేస్తూనే ఉన్నాను. 1897లో అచ్చయి, 1909లో గురజాడ చేతనే తిరగరాయబడిన “కన్యాశుల్కం”లో గిరీశం వితంతు వివాహాలమీద ధారాళంగా మాట్లాడతాడు. మాట్లాడేవాడి కడుపు నింపింది పూటకూళ్ళమ్మ. ఆవిడ కూడూ తిన్నాడు, ఆవిడ డబ్బూ తిన్నాడు. గిరీశం కపటి అని చెప్పి, విద్యార్థుల చేత రాయించి, మార్కులు వేసి పంపిస్తుంటాను. వెంకటేశాన్ని గురించి మాత్రం ఎక్కువ చెప్పలేదు. ఆ పిల్లవాడి చదువు గురించి తల్లీ తండ్రీ కీచులాడుకుంటారు. అదే ఇంట్లో పెద్దకూతురు విధవగా ఒక మూల బతుకుతున్నది, చిన్నకూతుర్ని డబ్బు పుచ్చుకుని ముసలివాడికి కట్టబెట్టే ఏర్పాటు జరుగుతున్నది. ఆడవాళ్ళు ఎందుకు పనికొస్తారో వెంకటేశానికి ఎవరూ పాఠం చెప్పలేదు. ఆ ఇల్లే చెప్పింది. ఇక గురువుగారి సంస్కరణోపన్యాసాలు వాడికెంత ఒంటబట్టినవో నాటకం చదివినవారికి తెలుసు.

సరే, మర్నాటినుంచి నా కంచం నేను కడిగాను. పిల్లలిద్దరికీ కూడా శాసనం చేశాను: ఎవరి కంచం వాళ్ళు కడగాలి, కడగనివాళ్ళకు ఆ రాత్రి టీవీ లేదు, అల్లరి చేసినవాడు గిన్నెలు కూడా కడగాలి. వారం రోజులు దివ్యంగా జరిగింది. ఎనిమిదోనాడు చిన్నవాడు, అమ్మ సింకు దగ్గర గిన్నెలు తోముతుంటే చూసి, “నువ్వేం అల్లరి చేశావమ్మా?” అని అడిగాడు. వాడి తర్కంలో దోషం లేదు. అంట్లు తోమటం శిక్ష అని చట్టం చేసింది నేను. అయితే అమ్మ రోజూ శిక్ష అనుభవిస్తున్నది, ఏ నేరానికో వాడికి అర్థం కాలేదు. చాకిరీకి గౌరవం తెద్దామని బయలుదేరి, దాన్ని జైలుపని చేసి పెట్టాను.

ఇక్కడ తత్వవేత్తలను అడిగితే ఏమంటారు? భయంతోనో లాభం ఆశించో చేసిన మంచిపనికి నైతికమైన విలువ లేదనీ, అది తన కర్తవ్యమని చేసినప్పుడే ఉన్నదనీ కాంట్ అన్నాడు. ఆ లెక్కన టీవీ కోసం కడిగిన కంచం నీతి కాదు. అరిస్టాటిల్ అంత కఠినుడు కాడు. న్యాయమైన పనులు చేస్తూ చేస్తూనే మనిషి న్యాయపరుడవుతాడని ఆయన వాదం. కాబట్టి ముందు కడగనివ్వు, బుద్ధి తరవాత వస్తుంది. పిల్లలున్నవాళ్ళంతా అరిస్టాటిల్ పక్షమే చేరతారు, గత్యంతరం లేక.

ఈ వాదమంతా ఒక రాత్రి నా భార్య ముందు పెట్టాను. ఆమె పరీక్ష పేపర్లు దిద్దుతున్నది. తలెత్తకుండానే, “వాడు భయంతో కడిగితే కంచం శుభ్రపడదా?” అన్నది. తరవాత, “మీ ఇద్దరూ మంచివాళ్ళు కావటం నాకు సంతోషమే. కాని నాకు కావలసింది రాత్రి ఒక్క అరగంట” అన్నది.

ఆలోచించినకొద్దీ, నేనూ కాంటూ అరిస్టాటిలూ కూడా ఒకే పొరపాటు చేశామనిపించింది. మా ముగ్గురి చూపూ కంచం కడిగేవాడి మీదే ఉన్నది. వాడి ఆత్మ ఎంత నిర్మలమైంది, వాడి సంస్కారం ఎంత పెరిగింది అని చూస్తున్నాము. ఆ కంచం ఇంతకాలం కడిగిన మనిషి ఈ చర్చలో లేనే లేదు. “మగపిల్లలకు సంస్కారం నేర్పాలి” అనటంలో నేను చెప్పిన తిరకాసు ఇదే. అది ఒక బాకీని గుణపాఠంగా మార్చేస్తుంది. అప్పు తీర్చేవాడు ఉదారుడా కాడా అన్న చర్చలో, అప్పు తీరిందా లేదా అన్నది మరుగునపడుతుంది. పైగా ఆ గుణపాఠం చెప్పే పని కూడా తండ్రి తీసుకుంటాడు, ఎందుకంటే అందులో నడుము వంచే అవసరం లేదు.

బాకీ ఎంతో కొలిచినవారున్నారు. మనుషులు రోజులో 24 గంటలూ ఎట్లా గడుపుతున్నారని కేంద్ర గణాంక శాఖవారు 2019లో దేశమంతటా లెక్క తీశారు. ఇంటిపని చేసిన ఆడవాళ్ళు దానికి సగటున రోజుకు 299 నిమిషాలు పెట్టారు, మగవాళ్ళు 97 నిమిషాలు. ఇది ఆ పని చేసిన మగవాళ్ళ సగటు మాత్రమే, వాళ్ళు నూటికి 26 మంది. ఆడవాళ్ళలో 81 మంది. మళ్ళీ 2024లో తీసిన లెక్కలో ఆడవాళ్ళవి 289, మగవాళ్ళవి 88. ఆడవాళ్ళకు తగ్గిన ఆ పది నిమిషాలనూ మగవాళ్ళు ఎత్తుకున్నట్టు ఈ అంకెల్లో కనిపించదు. ఇంకొక సంగతి: 6 ఏళ్ళు నిండినవారందరూ ఈ లెక్కలోకి వస్తారు. అంటే మా పెద్దవాడు అప్పుడే జమాఖర్చుల పుస్తకంలోకి ఎక్కాడు. వాడు ఇంకా పసివాడు, వాడికేం తెలుసు అనటానికి లేదు.

మా అమ్మకు ఇదంతా నచ్చలేదు. “మగపిల్లాడి చేత అంట్లు తోమిస్తావటరా! వాడి ఖర్మ కాకపోతే!” అని రెండు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. ఛాందసం అని కొట్టిపారెయ్యటం నాకు తేలిక. కాని ఆమె పేర సెంటు భూమి లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 1985లో కూతుళ్ళకు ఉమ్మడి ఆస్తిలో హక్కు వచ్చినప్పుడు, అప్పటికే పెళ్ళయినవాళ్ళకు అది వర్తించలేదు. ఆమెకు పెళ్ళయిపోయింది. 2005లో దేశమంతటికీ, పెళ్ళయినవాళ్ళతో సహా, హక్కు ఇచ్చేనాటికి ఆమె అన్నదమ్ములు పంచుకుని చాలా ఏళ్ళయింది. ఆమె జీవితంలో దాచుకున్న ఒకే ఒక ఆస్తి కొడుకు. కంచం కింద పెట్టనివ్వకుండా, నీళ్ళు చేతికందించి ఆమె కూడబెట్టుకున్నది నన్ను. ఇప్పుడు ఆ కొడుకు సింకు దగ్గర నిలబడితే, తన పెట్టుబడిని ఎవరో అవమానించినట్టుంటుంది. కొడుకు పట్ల తల్లి ప్రేమలో ఎంత భాగం ప్రేమో, ఎంత భాగం ముసలితనపు భయమో విడదీయటం ఆమె వల్ల కాదు, నావల్లా కాదు. నేనే ఆ ప్రేమ తిని పెరిగినవాణ్ణి.

పొద్దున వచ్చే ఆమె సంగతి ఇంకా చెప్పలేదు. చివరిదాకా చెప్పకపోవటం కూడా నాలాంటివారికి అలవాటే. ఆమె కొడుకు పదో తరగతి చదువుతున్నాడు. తల్లి నాలుగిళ్ళు తిరిగి వెళ్ళేసరికి అన్నం వండి, చెల్లెలికి క్యారేజీ కట్టి పంపుతాడట. వాడికెవరూ సంస్కారం నేర్పలేదు, అవసరం నేర్పింది. ఇది విని శ్రామిక కుటుంబాలలో సమానత్వం వెల్లివిరుస్తున్నదని వ్యాసం రాయబోయేవారు ఒక్క క్షణం ఆగాలి. “మరి వాళ్ళ నాన్న?” అని నా భార్య అడిగితే, ఆమె నవ్వి ఊరుకున్నది. నేను గమనించవలసిన విషయం వేరు. మా పిల్లలకు ఆ అవసరం లేకుండా చేస్తున్నది ఆ పిల్లవాడి తల్లి. మా ఇంట్లో పొద్దునపూట అంట్ల సమస్య లేదంటే, అది ఆమె ఇంటికి బదిలీ అయిందన్నమాట. అప్పుడప్పుడు రాత్రి అంట్లు కూడా పొద్దుటికి వదిలేస్తే ఆలుమగల మధ్య సమానత్వం ఇట్టే సిద్ధిస్తుంది. చాలా అభ్యుదయ కుటుంబాలలో అట్లాగే సిద్ధించింది.

ఇప్పుడు రాత్రిపూట గిన్నెలు నేను తోముతాను. పెద్దవాడు నీళ్ళతో జాడిస్తాడు, చిన్నవాడు తుడిచి బోర్లిస్తాడు. అల్లరికీ దీనికీ సంబంధం తీసేశాను. తిన్నాము కనక కడుగుతున్నాము అని చెప్పాను, అంతకంటే చెప్పవలసింది కనపడలేదు. ఆమెకు అరగంట దొరుకుతున్నది. ఆ అరగంటలోనే రేపటి కూర ఏమిటో, పప్పు ఎప్పుడు అయిపోతుందో ఆలోచిస్తున్నదని తరవాత తెలిసింది. ఆ భాగాన్ని నేనింకా అందుకోలేదు.

నిన్న రాత్రి పెద్దవాడికి ఒళ్ళు వెచ్చగా ఉండి, సగం తిని, కంచం అక్కడే వదిలేసి నిద్రపోయాడు. పొద్దున లేచాక వాడిచేతే తీయించాలా, క్రమశిక్షణ ఏమవుతుంది, అని దాని ముందు కాసేపు నిలబడ్డాను. పొద్దున వాడికంటే ముందు ఆమె వస్తుంది. అన్నం ఎండి అట్టకట్టిన కంచం ఆమె పాలవుతుంది. తీసి కడిగాను.